పై చదువుకు సాయం ఉంది... సకాలంలో అందేదెలా?

పడమటి మండలాల విద్యార్థులకు కాగితాలే అడ్డంకి
సరిహద్దు ఊళ్లలో స్థానికత చిక్కు

మదనపల్లె: జూన్, జూలై నెలల్లో టమోటా మార్కెట్టులో వేలం పాట సాగుతుంటే, క్రేట్ల పక్కన నిలబడ్డ రైతు మనసులో మరో లెక్క నడుస్తుంటుంది. ఇంటర్ పాసైన కూతురిని డిగ్రీలో చేర్చాలా, ఇంజనీరింగుకు పంపాలా, లేక ఈ ఏటికి ఆగమని చెప్పాలా అన్నదే ఆ లెక్క. క్రేటుకు నాలుగు డబ్బులు ఎక్కువ పలికితే పిల్ల కాలేజీకి పోతుంది. పలకకపోతే వచ్చే ఏడు చూద్దామంటారు. ఆ వచ్చే ఏడు చాలా ఇళ్లలో రానే రాదు. ఆడపిల్ల అయితే అంతలోపే పెళ్లి మాట వస్తుంది.

పుంగనూరు ప్రాంతంలో ఇదే లెక్కను పాల బిల్లు మీద వేస్తారు. నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీది నుంచి పట్టుచీర ఎప్పుడు దిగుతుందో చూసి వేస్తారు. కుప్పంలో తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి పనికి పోయేవారు వారం కూలిని బట్టి వేస్తారు. పంట వేరు, పని వేరు, ఇబ్బంది మాత్రం ఒకటే. ఇంట్లో డబ్బుండే రోజును చూసుకుని ఫీజు తేదీ రాదు.

మరి సర్కారు సాయం లేదా అంటే, ఉన్నది. కేంద్రానిది ఉన్నది, రాష్ట్రానిది ఉన్నది, బ్యాంకు అప్పు ఉన్నది. అయినా చదువు ఆగుతున్నదంటే చాలాసార్లు కారణం పథకం లేకపోవడం కాదు. ఉన్నదని తెలియకపోవడం ఒకటి. తెలిసినా కాగితం వేళకు సిద్ధంగా లేకపోవడం రెండోది. కాగితం ఇచ్చినా డబ్బు ఆలస్యంగా రావడం మూడోది. మొదటి రెండూ విద్యార్థి, తల్లిదండ్రులు, కాలేజీ వారు కలిసి సరిచేసుకోగలిగినవి. మూడోది ప్రభుత్వం సరిచేయవలసినది.

నూరేళ్ల నాటి మాట

పై చదువుకు డబ్బు వెతుక్కోవడం మదనపల్లెకు కొత్త కాదు. అనిబిసెంట్ 1915లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పారు. అదే నేటి బి.టి. కాలేజీ. రాయలసీమ పిల్లలు డిగ్రీ చదువు కోసం మద్రాసు దాకా పోవలసిన కాలమది. హోం రూల్ ఉద్యమ కారణంగా 1917లో బిసెంట్‌ను ప్రభుత్వం నిర్బంధించింది. ఆ రోజుల్లో కాలేజీ కూడా ఆర్థికంగా కష్టాలు పడింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ ఇక్కడికి వచ్చి, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ అతిథిగా ఉండి, జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి అందరికీ తెలిసినదే. ఆయన స్వహస్తాలతో రాసిన ఆ ప్రతిని తరువాత కాలేజీ నిర్వహణ ఖర్చుల కోసం ఒక అమెరికా దేశస్థునికి అమ్మవలసి వచ్చిందని ఊళ్లో పెద్దలు చెబుతుంటారు. కాలేజీకే డబ్బుకు కటకట వచ్చిన ఊరిలో విద్యార్థికి వస్తే వింతేమున్నది?

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. అక్కడే మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వెలిసింది. పొరుగున ఉన్న తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు కూడా దానికి చేయూత ఇచ్చాయి. మదనపల్లె చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. పుంగనూరులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉన్నది. ఒకప్పుడు దూరమే పెద్ద అడ్డంకి. ఇప్పుడు కాలేజీ దగ్గరకు వచ్చింది, ఫీజు దూరమైంది.

పేర్లు మారినా పని అదే

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి చదువులకు కేంద్ర ఉపకార వేతనాలు 1944 నుంచి ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 తరువాత ఫీజు రీయింబర్సుమెంటు వెనుకబడిన తరగతులకు, ఆ వెంటనే ఆర్థికంగా వెనుకబడిన ఇతర వర్గాలకు విస్తరించింది. కూలివాని కొడుకు ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కడం అప్పటి నుంచే పల్లెల్లో మామూలైంది. 2019 తరువాత ఫీజు భాగాన్ని విద్యాదీవెన అని, భోజన వసతి భాగాన్ని వసతి దీవెన అని పిలిచారు. వసతి కింద ఐటిఐ వారికి ఏడాదికి రూ. 10,000, పాలిటెక్నిక్ వారికి రూ. 15,000, డిగ్రీ ఆపై వారికి రూ. 20,000 రెండు విడతల్లో ఇస్తామని 2020లో ప్రకటించారు. ప్రభుత్వం మారాక 2024 జూన్‌లో ఆ పేర్లు తీసివేసి, మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అన్న పేరే పెట్టారు.

పేరు మారినప్పుడల్లా పల్లెల్లో ఒక వదంతి పుడుతుంది. పథకం ఎత్తేశారట అని. దానిని నమ్మి దరఖాస్తు పెట్టనివారు నష్టపోతారు. పేరు ఏదైనా రెండే భాగాలని గుర్తుంచుకుంటే చాలు. ఒకటి కాలేజీకి కట్టే ఫీజు, రెండోది విద్యార్థి తిండికి, బసకు ఇచ్చే మొత్తం. ఫీజు డబ్బు కొన్నేళ్లు తల్లి ఖాతాలో వేశారు, అంతకుముందు కాలేజీకే కట్టేవారు. షెడ్యూల్డు కులాల వారి విషయంలో 2020 డిసెంబరులో కేంద్రం మరో మార్పు చేసింది. ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించాలని, కేంద్ర వాటా నేరుగా విద్యార్థి ఖాతాకే చేరాలని నిర్ణయించింది. కనుక డబ్బు ఈ ఏడు ఎవరి ఖాతాలో పడుతుందో చేరేనాడే కాలేజీ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం అవసరం. తల్లి ఖాతాలో పడిన ఫీజు డబ్బును ఇంటి ఖర్చుకు వాడుకుని, తీరా పరీక్షల ముందు కాలేజీ వారు అడిగితే తెల్లబోయిన కుటుంబాలు లేకపోలేదు.

2019 చివర జారీ అయిన నిబంధనల్లో ముఖ్యమైనవి కొన్ని ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ. 2.5 లక్షలు దాటరాదు. మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాల లోపే ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి. యాజమాన్య కోటాలో గాని, స్పాట్ అడ్మిషన్‌లో గాని చేరినవారికి, దూరవిద్య వారికి ఇది వర్తించదు. ఏజెంటు మాట విని యాజమాన్య కోటాలో చేరి, ఫీజు సర్కారే కడుతుందని నిశ్చింతగా ఉన్నవారు మొదటి ఏడాది చివర అసలు సంగతి తెలుసుకుంటారు. కౌన్సెలింగులో కన్వీనర్ కోటా సీటు తీసుకున్నామా లేదా అన్నది మొదట చూసుకోవలసినది ఇందుకే.

పీజీ చదివేవారు మరో సంగతి గమనించాలి. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఈ సాయాన్ని నిలిపివేస్తూ 2020 డిసెంబరులో ఉత్తర్వు వెలువడింది. దానిపై విద్యార్థి సంఘాలు ఆందోళన చేశాయి. పీజీలో చేరేముందు ఆ కాలేజీకి సాయం వర్తిస్తుందా అని విచారించి తీరాలి. ద్రావిడ విశ్వవిద్యాలయం, తిరుపతి విశ్వవిద్యాలయాలు ప్రభుత్వ సంస్థలు గనుక పడమటి మండలాల పేద విద్యార్థికి పీజీలో ముందు చూడవలసినవి అవే.

రెండున్నర లక్షల గీత దాటితే?

ఈ గీతకు కాస్త పైనున్న కుటుంబాల బాధ వేరు. చిన్న ప్రైవేటు ఉద్యోగి, బెంగళూరులో డ్రైవరు, ఊళ్లో చిల్లర అంగడివాడు పేదల లెక్కలోకి రారు, ఉన్నవారి లెక్కలోకీ రారు. ఇటువంటివారికి పనికొచ్చే కేంద్ర పథకం ఒకటున్నది. ఇంటర్ బోర్డు పరీక్షలో తన గ్రూపులో పై 20 శాతం మందిలో నిలిచి, రెగ్యులర్ కోర్సులో చేరి, కుటుంబ ఆదాయం రూ. 4.5 లక్షల లోపు ఉన్న విద్యార్థికి డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి రూ. 12,000, పీజీలో రూ. 20,000 ఇస్తారు. దేశం మొత్తానికి ఏటా 82,000 మందికి కొత్తగా మంజూరు చేస్తారు. అందులో సగం ఆడపిల్లలకు. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు సాయం గాని, మరే ఇతర స్కాలర్‌షిప్ గాని పొందుతున్నవారు దీనికి అర్హులు కారు. రెంటికీ పెట్టి రెండూ పోగొట్టుకోవడం కన్నా, తన కుటుంబం గీతకు ఏ వైపున ఉన్నదో చూసుకుని ఒకటి ఎంచుకోవడం మేలు. ఆదాయం రెండున్నర లక్షల లోపైతే రాష్ట్ర సాయమే లాభం. ఆపై నాలుగున్నర లక్షల దాకా అయితే ఈ కేంద్ర పథకమే దిక్కు.

ఇంజనీరింగ్, డిప్లొమా మొదటి ఏడాదిలో చేరిన ఆడపిల్లలకు సాంకేతిక విద్యా మండలి వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఉన్నది. ఆదాయ పరిమితి రూ. 8 లక్షలు, ఇచ్చే మొత్తం ఏడాదికి రూ. 50,000. వికలాంగ విద్యార్థులకు సక్షమ్ పేరుతో ఇటువంటిదే ఉన్నది.

ఇంటిపేరు తెచ్చిన తంటా

దరఖాస్తులు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తే, పెద్ద కారణాలేవీ కనిపించవు. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ముందుంటే కొందరికి వెనక ఉంటుంది. తండ్రి పేరులో ఒక అక్షరం తేడా ఉంటుంది. మనిషికి తెలిసిన తేడా కంప్యూటరుకు తెలియదు. దరఖాస్తు తిరిగి వస్తుంది. సవరించుకునేసరికి గడువు దాటిపోతుంది.

బ్యాంకు ఖాతాది మరో కథ. ఖాతాకు ఆధార్ ఇచ్చాం గదా అనుకుంటారు. బ్యాంకులో ఆధార్ నమోదు ఒక పని, సర్కారు డబ్బు ఫలానా ఖాతాలోనే పడాలని జాతీయ చెల్లింపుల సంస్థ వద్ద ఆ ఖాతాను జతచేయడం మరో పని. రెండోది చేయకపోతే డబ్బు వెనక్కు పోతుంది. ఇంకెప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాకు జతై ఉంటే అక్కడికి పోతుంది. బ్యాంకు మేనేజరును ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది.

ఆదాయం, కులం ధ్రువపత్రాలు గ్రామ, వార్డు సచివాలయంలో గాని, మీ సేవలో గాని దరఖాస్తు చేసి తహశీల్దారు కార్యాలయం నుంచి పొందాలి. ఫలితాలు వచ్చాక అందరూ ఒక్కసారే ఎగబడతారు. ఏప్రిల్‌లో, పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని ముగించినవారికి జూన్‌లో పరుగు తప్పుతుంది. కూలికి పోయే తల్లిదండ్రులకు ఆఫీసు చుట్టూ ఒక తిరుగుడు అంటే ఒకరోజు కూలి పోయినట్టే. కుప్పం నుంచి చిత్తూరు జిల్లా కేంద్రానికి పని మీద వెళితే పొద్దు గూకాకే ఇల్లు చేరడం.

సరిహద్దు ఊళ్ల చిక్కు

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. ఒకవైపు కోలారు జిల్లా, మరోవైపు కృష్ణగిరి, తిరుపత్తూరు జిల్లాలు. పుంగనూరు, మదనపల్లె వాసులకు ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి పొరుగూళ్లే. బంధుత్వాలు గీతకు అటూ ఇటూ ఉన్నాయి. బెంగళూరులో మేనమామ ఉన్నాడని పిల్లను అక్కడ చదివించడం ఇక్కడ మామూలు. ఇందులో ఉన్న చిక్కు తరువాత తెలుస్తుంది.

మన రాష్ట్రంలో కాలేజీ సీట్లకు స్థానికత నిబంధన ఉన్నది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు ఆ విశ్వవిద్యాలయ ప్రాంతపు స్థానికులకే. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఇక్కడ చదివినవారు, లేదా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఇక్కడ చదివినవారు స్థానికులు. బెంగళూరులో హైస్కూలు, పీయూసీ చదివి వచ్చిన కుప్పం పిల్ల తన ఊరిలోనే స్థానికేతరురాలు కావచ్చు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్త చేయమని టీచర్లు చెప్పేది ఇందుకే. పిల్లను సరిహద్దు దాటించేముందు తల్లిదండ్రులు ఈ లెక్క చూసుకోవాలి.

ఇంటర్ ఇక్కడ చదివి డిగ్రీకి కర్ణాటక, తమిళనాడు పోయేవారి సంగతి వేరు. షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులు పొరుగు రాష్ట్రంలో చదివినా కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను సొంత రాష్ట్రం నుంచే కోరవచ్చు. మిగతా వర్గాలకు రాష్ట్ర ఫీజు సాయం సాధారణంగా మన రాష్ట్రంలోని కాలేజీలకే పరిమితం. బెంగళూరు కాలేజీ బోర్డు చూసి మురిసి చేరిన తరువాత ఫీజు మొత్తం చేతి నుంచే పెట్టుకోవలసి వస్తుంది.

బ్యాంకు అప్పు మాటేమిటి?

అప్పంటే పొలం కాగితాలు పెట్టాలని పల్లెల్లో ఒక భయం ఉన్నది. చదువు అప్పులో రూ. 4 లక్షల వరకు పూచీకత్తు ఆస్తి అడగరాదు. ఆపై రూ. 7.5 లక్షల దాకా కేంద్ర రుణ హామీ నిధి కింద ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే వీలున్నది. తల్లి గాని తండ్రి గాని సహ రుణగ్రహీతగా సంతకం చేస్తారు. చదువు ముగిశాక ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కరలేదు, ఆ తరువాత 15 ఏళ్ల దాకా గడువుంటుంది.

కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, పూచీ రెండూ లేకుండా అప్పు ఇస్తారు. ఆదాయం రూ. 8 లక్షల లోపు ఉన్నవారికి రూ. 10 లక్షల వరకు అప్పుపై చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది. ఆదాయం రూ. 4.5 లక్షల లోపు ఉండి వృత్తి, సాంకేతిక విద్య చదివేవారికి ఆ కాలపు వడ్డీ మొత్తం ప్రభుత్వమే భరించే పథకం 2009 నుంచి నడుస్తున్నది. అప్పు ఎప్పటికైనా అప్పే. కాలేజీకి గుర్తింపు ఉన్నదా, ఆ చదువు చదివినవారికి పని దొరుకుతున్నదా అని చూసుకుని తీసుకుంటే అది పెట్టుబడి అవుతుంది. లేకుంటే మెడకు గుదిబండ అవుతుంది.

మధ్యలో ఆగితే...

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా తీరని బాధ ఒకటున్నది. ఫీజు బకాయిలు ఏ ప్రభుత్వం వచ్చినా పేరుకుపోతూనే ఉన్నాయి. సర్కారు కాలేజీకి బాకీ పడితే, కాలేజీ విద్యార్థిని అడుగుతుంది. హాల్ టికెట్ ఇవ్వమంటారు. చదువు ముగించినవారి సర్టిఫికెట్లు ఆపుతారు. సర్టిఫికెట్ లేక ఉద్యోగానికి పోలేరు, ఉద్యోగం లేక ఫీజు కట్టలేరు. తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి ఊళ్లో అప్పు చేసి విడిపించుకుంటాడు. ఉచిత విద్య అన్నది ఆ ఇంట్లో వడ్డీ విద్య అవుతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్ 2018లోనే ప్రకటించింది. ఆ మాట కాలేజీ నోటీసు బోర్డు మీద కనిపించడం అరుదు. విద్యార్థి నోటి మాటతో కాక రాతపూర్వకంగా అడగాలి, ఇవ్వకపోతే విశ్వవిద్యాలయానికి, జిల్లా అధికారులకు ఫిర్యాదు చేయాలి.

సాయం మధ్యలో ఆగితే ఎంతటివాడికైనా చదువు ఆగుతుంది. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో అమెరికా వెళ్లిన అంబేద్కర్, ఆ గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ముకు కొల్హాపూర్ మహారాజు సాయం, మిత్రుని అప్పు తోడైతే 1920లో మళ్లీ వెళ్లి చదువు పూర్తి చేయగలిగారు. ఆయనకు మూడేళ్లు పట్టింది. పడమటి మండలాల ఆడపిల్లకు మూడేళ్ల విరామం అంటే చదువు ముగిసినట్టే.

కావలసినవి పెద్ద పనులు కావు

ప్రతి జూనియర్ కాలేజీలో ఏప్రిల్ నెలలోనే ఒకరోజు తహశీల్దారు కార్యాలయం, బ్యాంకు, ఆధార్ సిబ్బందిని కూర్చోబెట్టి రెండో సంవత్సరం విద్యార్థుల పేర్లు, ఖాతాలు, ధ్రువపత్రాలు సరిచూస్తే సగం దరఖాస్తుల బాధ అక్కడే తీరుతుంది. డిగ్రీ కాలేజీల్లో ఏ పథకం ఎవరికి, ఆఖరు తేదీ ఎప్పుడు అన్నది తెలుగులో రాసి గోడకు అంటించడానికి ఖర్చేమీ కాదు. ప్రభుత్వం బకాయిలను విద్యా సంవత్సరం ముగిసేలోగా చెల్లించి తీరాలి. చెల్లించేదాకా హాల్ టికెట్ ఆపకుండా కాలేజీలను కట్టడి చేయాలి.

ఊరు చేయగలిగినదీ ఉన్నది. ఈ మూడు ఊళ్లలో చదివి బెంగళూరులోనూ, అమెరికాలోనూ స్థిరపడినవారు ఎందరో. గుడికి, జాతరకు చందాలు పంపుతున్నారు. చదివిన కాలేజీలో చిన్న నిధి ఒకటి ఏర్పరచి, సర్కారు డబ్బు వచ్చేదాకా పేద విద్యార్థి ఫీజును చేబదులుగా కట్టి, వచ్చాక తిరిగి తీసుకుంటే ఆ నిధి తరగదు. ఆ చేబదులు అందితే తండ్రి వడ్డీ వ్యాపారి గడప తొక్కనక్కరలేదు.

టమోటా ధర మన చేతిలో లేదు. ఆ ధర పడిపోయిన ఏడాది కూడా పిల్ల కాలేజీకి పోయేలా చూడడం మాత్రం అధికారుల చేతిలో, కాలేజీల చేతిలో, ఊరి పెద్దల చేతిలో ఉన్నది. వచ్చే ఏప్రిల్‌కు ఇంకా వ్యవధి ఉన్నది. అంతలోపు మేల్కొంటారని తల్లిదండ్రులు ఆశిస్తున్నారు.